పాల లెక్కల క్యాలెండరు

ఆడపిల్లని పై చదువుకి హాస్టల్లో దింపే రోజున మనం ఎన్ని సర్దుతామో కదండీ! ఆవకాయ, కందిపొడి, జ్వరం మాత్రలు, దుప్పట్లు, తాళం కప్ప. వాటితో పాటు జాగ్రత్తలు. ఒంటరిగా తిరగకు, చీకటి పడ్డాక బయటికి వెళ్ళకు, ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. ఈ జాగ్రత్తలన్నీ పిల్లకే. పాఠం చెప్పే మనిషే చెయ్యకూడని పని చేస్తే ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్ళలోగా చెప్పాలి, కాగితం మీద ఏం రాయాలి అన్నది మాత్రం సర్ది పంపే ఇల్లు నేను చూడలేదు. మనకి కూడా ఎవరూ చెప్పలేదు మరి.

మా చెల్లెలి కూతురి సంగతి రాస్తున్నాను. తను చదివి, సరే పెద్దమ్మా అన్నాకే మీ ముందు పెడుతున్నాను. ఊరు, కాలేజీ, సబ్జెక్టు ఏవీ చెప్పను. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో 16వ సెక్షన్ అని ఒకటుంది. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఎవరో, ఎవరి మీద చేసిందో, విచారణలో ఏం తేలిందో బయటపెట్టకూడదని అది చెబుతుంది. న్యాయం జరిగితే, మనుషులెవరో తెలియకుండా ఆ మాట చెప్పుకోవచ్చని కూడా అందులోనే ఉంది. నేను ఆ గీత లోపలే ఉంటాను.

పిల్ల ఎమ్మెస్సీ రెండో ఏడాది. చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు. గైడ్‌గా ఉన్న సార్‌కి మంచి పేరుంది, పిల్లలకి ఉద్యోగాలు చెప్పి పెట్టిస్తారని. సంక్రాంతికి చెల్లెలి కుటుంబమంతా మా ఇంటికి వచ్చారు. భోగి ముందు రోజు అరిసెలు వండుతున్నాం. నేను మూకుడు దగ్గర, పిల్ల నా పక్కన కూర్చుని అరిసెల చెక్కలతో నూనె వత్తుతోంది. ఉన్నట్టుండి, తల ఎత్తకుండా అడిగింది.

"పెద్దమ్మా, నేను చదువు మానేస్తే నాన్న ఏమంటారు?"

ఐదు నెలల్లో చేతికి రాబోయే డిగ్రీ. చిన్నప్పట్నుంచీ క్లాసులో ముందు బెంచీ పిల్ల. నేను పొయ్యి కట్టేశాను. "ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అమ్మా?" అని మాత్రం అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. రాత్రి పదకొండింటికి వాట్సప్‌లో మెసేజీలు. మొదట ప్రాజెక్టు గురించి, తర్వాత వేసుకున్న డ్రెస్ గురించి, ఆ తర్వాత రాయలేనివి. జవాబివ్వకపోతే మర్నాడు ల్యాబులో అందరి ముందూ విసుగు. ఒక ఆదివారం, రీడింగులు చూడాలని డిపార్ట్‌మెంట్‌కి పిలిచారట. వెళితే ఎవరూ లేరు. తలుపు మూసి, చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారట. విదిలించుకుని పరిగెత్తింది. తర్వాత ఇంటర్నల్స్‌లో ఎప్పుడూ లేనంత తక్కువ మార్కులు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళం కూర్చున్నాం. తను కూడా ఉంటానంది, ఉంది. మా చెల్లెలు ఏడుస్తూనే ఉంది. "ఐదు నెలలే కదా అక్కా, ఎలాగోలా ఓర్చుకుంటే బయటపడిపోతుంది" అంది. దాని భయం నాకు తెలుసు. ప్రాజెక్టు మార్కులు ఆయన చేతిలో, రేపు పెళ్ళిచూపులు నలుగురి నోళ్ళలో. మా మరిదిగారు కోపంతో ఊగిపోయారు. "చదువూ వద్దు, ఏమీ వద్దు. రేపే వెళ్ళి సామాన్లు తెచ్చేస్తాను" అన్నారు. ఒకరు ఓర్చుకోమంటున్నారు, ఒకరు మానెయ్యమంటున్నారు. ఇద్దరూ ప్రేమతోనే అంటున్నారు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

అప్పటిదాకా మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్న మా అమ్మ నోరు విప్పింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి.

"బాబూ, ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. నన్ను ఎనిమిదో తరగతిలో మాన్పించారు. బడికి వెళ్ళే దారిలో ఒకడు వెంటపడేవాడు. ఒకరోజు జడ పట్టుకు లాగాడు. ఏడ్చుకుంటూ వచ్చి ఇంట్లో చెబితే, మర్నాటి నుంచీ నాకు బడి లేదు. వాడు మాత్రం చదువుకున్నాడు. తాలూకాఫీసులో గుమస్తా అయ్యాడు. పెన్షన్ కూడా తిన్నాడు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మకి చదువబ్బలేదని మేం అనుకుంటూ పెరిగాం. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. నాన్నకి కూడా చెప్పలేదట. "చెబితే అప్పుడు ఉన్నదే పోయింది, మళ్ళీ ఎందుకు చెబుతానే?" అంది నావైపు చూసి. ఆ మాట మరిదిగారికి ఎక్కడ తగిలిందో గానీ, ఆయన లేచి పిల్ల పక్కన కింద కూర్చున్నారు. "నువ్వేం చేద్దామనుకుంటున్నావు తల్లీ?" అన్నారు. ఆ పూట పిల్లని ఆ మాట అడిగింది ఆయనే. తను చెప్పింది, "చదువు పూర్తి చెయ్యాలని ఉంది నాన్నా. ఆయన చేతి కింద కాదు."

అక్కడితో నిర్ణయం అయిపోయింది. పని మిగిలింది.

మా అబ్బాయి, నేను కూర్చుని నిబంధనలు వెతికాం. చదువుతుంటే ఆశ్చర్యం వేసింది, ఇన్ని ఉన్నాయా అని. వీటి వెనకాల రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే పల్లెటూరి స్త్రీ ఉంది. ప్రభుత్వ పథకంలో పని చేస్తూ బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు ఆ కేసును అత్యాచారంగా ఒప్పుకోలేదు. ఆమె తరపున మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన సంఘం పేరు. ఆ తీర్పులోంచి 2013 చట్టం, విశ్వవిద్యాలయాలకీ కాలేజీలకీ విడిగా యూజీసీ నిబంధనలు వచ్చాయి. వాటిని 2015 నిబంధనలంటారు గానీ గెజెట్‌లో వచ్చింది 2016 మేలో. మన పిల్లల హక్కు ఒక చదువుకోని ఆడమనిషి నోరు విప్పడంతో మొదలైందన్నమాట.

ఆ నిబంధనల్లో నాకు పనికొచ్చినవి చెబుతాను, మీరూ గుర్తు పెట్టుకోండి. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పిల్లలు ఐసీసీ అంటారు. దానికి పెద్ద సీనియర్ మహిళా అధ్యాపకురాలే కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళే ఉండాలి. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విద్యార్థులకి సంబంధించిన విషయమైతే ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. వైస్ ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీన్లు, విభాగాధిపతులు అందులో ఉండకూడదు. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరుగుతూ వస్తే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. తనంతట తాను రాసుకోలేని పిల్లకి రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి.

మూడు నెలలు అనగానే అసలు చిక్కు వచ్చింది. ఏ రోజు ఏం జరిగిందో పిల్లకి సరిగ్గా గుర్తు రావట్లేదు. భయపడిన మనసుకి తారీఖులు నిలవవు. వంటింట్లో గోడకున్న క్యాలెండరు తీసుకొచ్చాను. పాలవాడి లెక్క, గ్యాస్ బుక్ చేసిన రోజు, ఏకాదశులు అన్నీ నేను దాని మీదే రాసుకుంటాను. "ఆ రోజు పండగేమైనా ఉందా? నాకు ఫోన్ చేశావా? హాస్టల్లో కూర ఏం వండారు?" అని అడుగుతూ పోయాను. అప్పుడు దొరికింది. ఆ ఆదివారం కార్తీకమాసం చివరి ఆదివారం. హాస్టల్ పిల్లలంతా వనభోజనాలకి వెళ్ళారు. అందుకే క్యాంపస్ ఖాళీగా ఉంది. తను ఉసిరిచెట్టు కింద భోజనానికి పోకుండా రీడింగులు పట్టుకుని డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. ఆ ఒక్క తారీఖు దొరికాక మిగతావి వాటంతటవే వచ్చాయి. గడువుకి ఇంకా నెలకి పైగా ఉంది.

తర్వాత ఫోను. చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది, తీసేస్తాను అంటూ ఉంది. తియ్యనివ్వలేదు. ఆయన కొన్ని మెసేజీలు తరవాత చెరిపేశారు. చెరిపినట్టు అక్కడ గుర్తు, టైము మాత్రం అలాగే ఉన్నాయి. అన్నిటినీ తారీఖు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, తన మెయిల్‌కి పంపించుకుంది. ప్రింటు తీయడానికి వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళలేదు. మా అబ్బాయి స్నేహితుడి ప్రింటరు ఒక పూట ఇంటికి తెచ్చుకున్నాం.

ఇక రాయడం. మొదటి కాగితం మీద 'సార్ నాతో అసభ్యంగా ప్రవర్తించారు' అని రాసి కలం పక్కన పెట్టేసింది. మన భాషలో ఈ ఒక్క మాట కింద ఎన్ని కప్పేస్తామో! ఈల వేసినా అసభ్యమే, అంతకు మించింది చేసినా అసభ్యమే. చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుంది? ఏ చెయ్యి పట్టుకున్నారు, ఏమన్నారు, తలుపు ఎవరు మూశారు, నువ్వేమన్నావు, బయటికి వచ్చి మొదట ఎవరికి చెప్పావు, అలా ఒక్కొక్కటీ రాయమన్నాను. నేను చదువుతూ కూర్చోలేదు, కాఫీ పెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాను. ముందు తెలుగులో రాసుకుంది, తర్వాత ఇంగ్లీషులో. తెలుగు కాగితం నాకు చూపించింది. ప్రతి వాక్యంలో 'సార్ పట్టుకున్నారు', 'సార్ అన్నారు'. "పెద్దమ్మా, ఈ 'రు' తీసెయ్యాలంటే చెయ్యి రావట్లేదు" అంది. ఉండనీ అన్నాను. మర్యాద తన పెంపకం. అది ఆయనకి సాక్ష్యమేమీ కాదు.

ఫిర్యాదు చివర రెండు కోరింది. ప్రాజెక్టుకి గైడ్‌ని మార్చాలి, తన పేపర్లు, మార్కులు ఆయన చూడకూడదు. విచారణ జరుగుతుండగానే ఇలాంటి ఏర్పాటు చెయ్యొచ్చని నిబంధనల్లోనే ఉంది. అవసరమైతే మూడు నెలల దాకా సెలవు కూడా అడగొచ్చు. అడక్కపోతే ఎవరూ గుర్తు చెయ్యరు కాబట్టి ఫిర్యాదుతో పాటే రాసివ్వడం మంచిది.

రాత్రి బస్సులో ముగ్గురం వెళ్ళాం, తను, మరిదిగారు, నేను. ఫిర్యాదు తనే ఇచ్చింది. అందినట్టు ఇంకో ప్రతి మీద సంతకం, తారీఖు, ముద్ర వేయించుకుంది. గుమస్తా "తర్వాత రండి, చూద్దాం" అన్నాడు. నేను అక్కడున్న బెంచీ మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, "పరవాలేదు బాబూ, మా బస్సు రాత్రికి" అన్నాను. పావుగంటలో ముద్ర పడింది.

విచారణ అంటే సినిమాల్లో లాగా ఒక్క రోజులో అయ్యేది కాదండి. ఫిర్యాదు ప్రతి ఏడు రోజుల్లో అవతలి మనిషికి పంపాలి, ఆయన పది రోజుల్లో జవాబివ్వాలి, మొత్తం తొంభై రోజుల్లో ముగియాలి. మా విషయంలో దాని మీద ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ రోజులే అసలు కష్టం. మార్కులు తక్కువొచ్చాయని కేసు పెట్టిందంటూ క్యాంటీన్లో మాటలు. సాక్ష్యం చెబుతానన్న ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకమ్మాయి వెనక్కి తగ్గింది. ఆ పిల్లకీ ఆయనే గైడు. ఆమెని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. ఎవరూ అనుకోని మనిషి మాత్రం ముందుకొచ్చాడు. ల్యాబ్ అటెండరు. ఆ ఆదివారం తాళాలు తన దగ్గర తీసుకుని, నువ్వు ఇంటికి వెళ్ళు అని సార్ పంపించారని కమిటీ ముందు చెప్పాడు. అతనికీ ఇద్దరు ఆడపిల్లలట.

మధ్యలో ఎవరో పెద్దమనిషి మరిదిగారికి ఫోన్ చేశాడు. పెళ్ళి కావలసిన పిల్ల, పేరు పాడవుతుంది, కూర్చుని మాట్లాడుకుందాం అని. సంక్రాంతి రాత్రి సామాన్లు తెచ్చేస్తానన్న మనిషేనా అనిపించేలా ఆయన జవాబిచ్చారు. "ఫిర్యాదు మా అమ్మాయిదండి. మాట్లాడేదేదైనా కమిటీలో మాట్లాడండి." ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయని తర్వాత చెప్పారు.

పిల్లకి నిద్ర పట్టేది కాదు. క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉన్నారని స్నేహితురాలు తీసుకెళ్ళింది. అర్ధరాత్రి ఎవరూ దొరకనప్పుడు టెలి మానస్ 14416కి ఫోన్ చేసింది, తెలుగులోనే మాట్లాడారట. మా చెల్లెలు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేది. కేసు సంగతి తను ఎత్తితే తప్ప ఎత్తకూడదని ముందే ఒప్పందం. పిల్లి ఈనింది, పక్కింటి వాళ్ళు రంగులు వేయిస్తున్నారు, ఇవాళ గోంగూర చాలా పుల్లగా ఉంది, ఇవే కబుర్లు. ఓర్చుకోమన్న మా చెల్లెలే ఆ రోజులన్నీ ఒక్క రాత్రి మానకుండా పిల్లని మోసింది.

కమిటీ దారి కాకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళే హక్కు కూడా ఉంది. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపులు 75వ సెక్షన్ కింద నేరం. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఎక్కడున్నా 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రమాదం ఎదురుగా ఉంటే 112. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ న్యాయ సేవా సంస్థలు ఉచితంగా వకీలుని ఇస్తాయి, ఆ నంబరు 15100. ఏ దారిలో వెళ్ళాలన్నది పిల్లని అడిగాం. కమిటీ చాలు, ఇప్పటికి, అంది. మేం అంతటితో ఆగాం.

ఒక మాట చాలామంది భయపడుతుంటారు, రుజువు కాకపోతే తిరిగి పిల్ల మీద పడుతుందేమోనని. రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని చట్టంలోనే రాసి ఉంది. తెలిసి తెలిసి అబద్ధం చెప్పిందని విడిగా తేలితేనే చర్య.

చివరికి ఏమైందంటారా? కమిటీ ఏం తేల్చిందో, ఏ చర్య తీసుకున్నారో రాయనని ముందే చెప్పాను. పిల్ల వేరే మేడమ్ దగ్గర ప్రాజెక్టు పూర్తి చేసింది. ఇంటర్నల్స్ మళ్ళీ దిద్దించారు. ఎమ్మెస్సీ పాసైంది. అంతా మునుపటిలా అయిపోయిందని మాత్రం చెప్పలేను. ఆదివారం ఆఫీసుకి రమ్మంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందంటుంది. వెనక్కి తగ్గిన ఆ స్నేహితురాలితో మాటలు కలవలేదు. పట్టా చేతికి వచ్చిన రోజు మాత్రం ముందు తీసుకెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. మా అమ్మ అందులో అక్షరాలు వేలితో తడుముతూ, పిల్ల పేరు ఎక్కడుందో అడిగి చూసుకుంది.

పోయిన వారం తన దగ్గర్నుంచి ఫోన్. తన కాలేజీలోనే జూనియర్ ఒకమ్మాయి, ఎవరి ద్వారానో నంబరు పట్టుకుని మాట్లాడిందట. ఇంట్లో చెప్పడానికి భయం, రాయడానికి కూర్చుంటే తారీఖులేవీ గుర్తు రావట్లేదట.

"ఏం చెప్పను పెద్దమ్మా?"

"తను చెప్పేదంతా ముందు వినమ్మా" అన్నాను. "తర్వాత వాళ్ళింట్లో పాల లెక్క ఎవరు రాస్తారో అడుగు. ఆవిడ దగ్గరికి వెళ్ళమను."